జెర్సీ ఒడ్డున సూర వేట: చార్టర్ బోటు ఎక్కే ముందు, ఎక్కాక, దిగాక

విశాఖ తీరంలో సూర అంటే ట్యూనా. సొర అంటే షార్కు, బాలింతలకు పుట్టు చేసి పెట్టే చేప. ఒక్క అచ్చు మారితే చేపే మారిపోతుంది. నేను రాసేది సూర గురించి.

నేను పెరిగింది పెదజాలారిపేటకు దగ్గర్లో. తెప్ప మీద తెల్లవారకముందే వెళ్ళి, చేతి తాడుతో రెక్క సూరను లాగి తెచ్చేవాళ్ళను చిన్నప్పటి నుంచి చూశాను. వాళ్ళ అరచేతుల్లో తాడు కోసిన గీతలు ఇప్పటికీ నా కళ్ళ ముందున్నాయి. న్యూజెర్సీకి వచ్చిన చాలా ఏళ్ళకు తెలిసింది, ఎడిసన్ నుంచి గంట దూరంలో ఉన్న రేవులో పొద్దున్నే పడవెక్కితే సాయంత్రానికి సూరతో ఇంటికి రావచ్చని. అప్పటి నుంచి ఏటా వెళ్తున్నాను. కొత్తవాళ్ళను వెంట తీసుకెళ్తున్నాను. వాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట పెడదామని ఇది రాస్తున్నాను.

అందరి ధ్యాసా చేప గాలానికి తగిలి రీలు, అంటే గాలపు కర్రకు బిగించిన తాడు చుట్ట, కీచుమనే అరగంట మీదే ఉంటుంది. నేను చూసినంతలో ట్రిప్పు బాగుపడేదీ చెడేదీ వేరే రెండు చోట్ల. ఒకటి, బోటు మాట్లాడుకునేటప్పుడు. రెండోది, చేప డెక్ మీద పడ్డ తర్వాతి పది నిమిషాల్లో. అందుకే ఆ రెండిటి గురించి ఎక్కువ చెబుతాను.

ఎక్కడ, ఏ నెలలో

ఇక్కడ సూర ట్రిప్పులు రెండు రకాలు. కాన్యన్ ట్రిప్పు అంటే సముద్రపు అడుగున ఉన్న లోతైన లోయల దాకా, ఎనభై, వంద మైళ్ళు లోపలికి పోయి, రాత్రంతా అక్కడే గడిపి రావడం. హడ్సన్ కాన్యన్ వైపు వెళ్ళే పెద్ద బోట్లు చేసేది ఇదే. మొదటిసారికి అది వద్దు. రెండోది ఇన్‌షోర్ ట్రిప్పు. ఒడ్డు నుంచి పది పదిహేను మైళ్ళు మొదలుకొని యాభై మైళ్ళ లోపు తిరిగి, అదే రోజు ఇంటికి వచ్చేయడం. మనకు కావలసింది ఇదే.

మనాస్క్వాన్ ఇన్‌లెట్, అంటే పడవలు సముద్రంలోకి దాటే మొగ, దానికి బయట మడ్ హోల్ అనే లోతైన పల్లం ఉంది. మంచుయుగంలో సముద్రమట్టం బాగా కిందున్నప్పుడు హడ్సన్ నది పారిన దారే ఇప్పుడు నీటి అడుగున లోయగా మిగిలింది. మడ్ హోల్ ఆ లోయలో భాగం. చుట్టూ నేల వంద అడుగుల లోతులో ఉంటే ఇక్కడ రెండు వందల అడుగులు దాటుతుంది. ఆ అంచుల దగ్గర చిన్న చేపలు పోగవుతాయి, వాటి కోసం సూర వస్తుంది. ఇంకాస్త దక్షిణంగా బార్నెగాట్ రిడ్జ్ అనే నీటి అడుగు గట్టు ఉంది. బార్నెగాట్‌కు ముప్పై మైళ్ళ చుట్టుపక్కల రెసర్ అనే మునిగిన ఓడ ఉంది. 1942 ఫిబ్రవరిలో జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో పేల్చిన చమురు ఓడ అది. యాభై మంది దాకా ఉన్న ఆ ఓడలో బతికి బయటపడింది ఇద్దరే. దాని మీదుగా వెళ్ళేటప్పుడు నేను ఒక్క నిమిషం మౌనంగా ఉంటాను. మీరూ తెలిసి వెళ్ళండి.

నెలల విషయానికొస్తే, బ్లూఫిన్ సూర మే చివర్లో, జూన్‌లో వస్తుంది. ఎండలు ముదిరాక, నీళ్ళు వేడెక్కాక రెక్క సూర, అంటే యెల్లోఫిన్, కలుస్తుంది. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా ఒడ్డుకు బాగా దగ్గరగా చిన్న సూరలు, ఇక్కడివాళ్ళ మాటలో ఫాల్స్ ఆల్బకోర్, గుంపులుగా తిరుగుతాయి. చలికాలం మొదట్లో, నవంబరు, డిసెంబరుల్లో, వందల పౌన్ల బ్లూఫిన్‌లు ఒడ్డుకు కొద్ది మైళ్ళ దూరం దాకా వచ్చేస్తాయి. కొత్తవాళ్ళకు జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా మంచిది. డిసెంబరు చలిలో, మనిషి కంటే బరువున్న చేపతో మొదటిసారే తలపడక్కర్లేదు.

బోటు మాట్లాడుకోవడం

బెల్మార్, బ్రియెల్, పాయింట్ ప్లెజెంట్, బార్నెగాట్ లైట్, కేప్ మే రేవుల్లో చార్టర్ బోట్లు, అంటే కెప్టెన్‌తో సహా మొత్తంగా అద్దెకిచ్చే బోట్లు, చాలా ఉన్నాయి. చిన్న చార్టర్ బోటు ఆరుగురికి మించి డబ్బు కట్టిన ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. కోస్ట్ గార్డ్ లైసెన్సు నిబంధన అది. "ఏడో మనిషి చిన్నపిల్లాడే కదా" అని బతిమాలకండి, ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అంతకంటే ఎక్కువ మందైతే పార్టీ బోటు చూసుకోవాలి. అక్కడ పరిచయం లేని ముప్పై మంది మధ్య నిలబడి పట్టాలి, లైన్లు, అంటే గాలం తాళ్ళు, చిక్కుపడతాయి. సూరకు నేనైతే ఆరుగురి బోటే చెబుతాను, నలుగురే వెళ్తే ఇంకా హాయి. రోజంతా ట్రిప్పు రెండు వేల డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది. దానిమీద మేట్‌కు, అంటే కెప్టెన్ సహాయకుడికి, టిప్పు పదిహేను నుంచి ఇరవై శాతం. ముందే అందరూ సమంగా వేసుకుని నగదు పక్కన పెట్టుకోండి.

ఫోన్ చేసినప్పుడు ధర ఒక్కటే అడిగి పెట్టేయకండి. ఇవి అడగండి.

ఈ వారం సూర ఎక్కడ దొరుకుతోంది, మీరు చివరిసారి దాని కోసం ఎప్పుడు వెళ్ళారు? రోజూ సముద్రంలోకి వెళ్ళే కెప్టెన్ వెంటనే జవాబిస్తాడు. "అదృష్టం బట్టి" అని దాటేస్తే ఇంకొకరిని అడగండి.

సూర దొరకకపోతే ఏం చేస్తారు? మంచి కెప్టెన్ దగ్గర రెండో ఆలోచన ఉంటుంది. సీ బాస్, ఫ్లూక్, మాహీ, లేదా చిన్న సూర, వీటిలో ఏదో ఒకదాని వెంట పడతాడు.

పట్టిన చేప ఎవరిది? ఇది తప్పకుండా అడగాలి. అమ్ముకునే అనుమతి కూడా ఉన్న చార్టర్ బోట్లలో, పెద్ద బ్లూఫిన్ పడితే అది బోటుదే అనే ఒప్పందం ఉండవచ్చు. నేను వెళ్ళిన మొదటి ట్రిప్పుల్లో ఒకసారి ఈ మాట ముందు అనుకోలేదు. గంటకు పైగా నలుగురం మార్చి మార్చి లాగిన చేప రేవులో కొనేవాడి చేతికి పోయింది, మాకు చిన్న ముక్క మిగిలింది. కెప్టెన్ తప్పేమీ చేయలేదు, మేం అడగలేదు అంతే. అప్పటి నుంచి నా మొదటి ప్రశ్నే ఇది.

వాతావరణం బాగోకపోతే బయానా సంగతేంటి? దాదాపు అందరూ ఇంకో తేదీకి మారుస్తారు. ఆ మాట మెసేజ్‌లో రాయించుకోండి.

చివరగా, బోటులో ఐసు ఎంత ఉంటుంది, పట్టిన వెంటనే రక్తం తీస్తారా? ఈ ప్రశ్నకు జవాబిచ్చేటప్పుడు కెప్టెన్ గొంతులో ఉత్సాహం వినిపిస్తే ఆ బోటే ఖాయం చేసుకోండి.

అనుమతులు, కొలతలు

సూర పట్టాలంటే బోటుకు హెచ్‌ఎంఎస్ పర్మిట్, అంటే దూరాలు వలసపోయే చేపలను పట్టే అనుమతి, ఉండాలి. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవాలోని ఫిషరీస్ విభాగం దాన్ని ఇస్తుంది. చార్టర్ బోటుకు అది కెప్టెన్ చూసుకుంటాడు, మీరు విడిగా తీసుకోనక్కర్లేదు. అదే మీ స్నేహితుడి సొంత బోటులో వెళ్తే ఆ బోటుకు పర్మిట్ ఉందో లేదో అడిగి తీరాలి.

బ్లూఫిన్, యెల్లోఫిన్ రెండిటికీ కనీస పొడవు 27 అంగుళాలు. పై దవడ కొస నుంచి తోక చీలిక దాకా, ఒంటి వంపు వెంబడి టేపు పెట్టి కొలవాలి. యెల్లోఫిన్ మనిషికి రోజుకు మూడు. బ్లూఫిన్ మాత్రం మనిషి లెక్కన కాదు, బోటు లెక్కన, అదీ సైజుల వారీగా. సీజన్ మధ్యలో ఆ సంఖ్యలు మారతాయి, ఒక్కోసారి పూర్తిగా మూసేస్తారు. అందుకే పోయిన ఏడాది విన్న లెక్క పట్టుకుని కెప్టెన్‌తో వాదించకండి. ఉంచుకున్న ప్రతి బ్లూఫిన్‌నూ ఇరవై నాలుగు గంటల్లో నోవాకు తెలియజేయాలి. అట్లాంటిక్‌లో బ్లూఫిన్ ఒకప్పుడు వేట ఎక్కువై బాగా తగ్గిపోయింది. ఇప్పుడు మళ్ళీ ఒడ్డు దగ్గర కనిపిస్తోందంటే ఇలాంటి లెక్కల పుణ్యం కూడా ఉంది.

ముందు రోజు

వాతావరణం చూసేటప్పుడు అల ఎత్తు ఒక్కటే చూడకండి, రెండు అలల మధ్య ఎన్ని సెకన్లున్నాయో చూడండి. మూడడుగుల అల నాలుగు సెకన్లకోసారి వస్తే ఒళ్ళు హూనమవుతుంది. నాలుగడుగుల అల తొమ్మిది సెకన్లకోసారి వస్తే ఉయ్యాల ఊగినట్టే. నోవా వాళ్ళు సముద్రంలో తేలేలా పెట్టిన కొలత యంత్రాలను బోయాలు అంటారు. బోయా 44065 న్యూయార్క్ హార్బర్ ముఖద్వారం దగ్గర ఉంది, 44025 లాంగ్ ఐలాండ్‌కు దక్షిణంగా ఉంది. ఈ రెండూ గంటగంటకూ అలనూ గాలినీ నీటి వేడినీ చెబుతాయి. రెండు మూడు రోజులు వరసగా చూస్తే మీకే ఒక అంచనా వస్తుంది. వెళ్ళాలా వద్దా అన్న చివరి మాట మాత్రం కెప్టెన్‌దే. ఆయన వద్దంటే మారు మాట్లాడకండి.

వాంతుల సంగతి సిగ్గుపడకుండా మాట్లాడుకుందాం. ఎంత బలమైన మనిషినైనా సముద్రం పడేస్తుంది. మెక్లిజిన్ మాత్ర మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. రాత్రి పడుకోబోయే ముందు ఒకటి, పొద్దున పడవెక్కే గంట ముందు ఒకటి, ఇదీ నేను పాటించే పద్ధతి. బీపీ, గ్లాకోమా, ప్రొస్టేట్ లాంటి ఇబ్బందులున్నవాళ్ళు, ఇతర మందులు వాడేవాళ్ళు ముందు డాక్టర్‌ను అడగాలి. చెవి వెనక అంటించే స్కోపొలమిన్ పట్టీకి డాక్టర్ చీటీ కావాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకున్న మాత్ర పెద్దగా పని చేయదు. అది బాగా గుర్తుంచుకోండి.

ముందు రాత్రి బిర్యానీ, మందు రెండూ మానేయండి. పొద్దున రెండు ఇడ్లీలు, సాంబారు లేకుండా, చాలు. ఖాళీ కడుపూ మంచిది కాదు. అల్లం మురబ్బా జేబులో పెట్టుకోండి, నాకు అది నిజంగా పనిచేస్తుంది. నిద్ర మాత్రం తప్పకుండా పోవాలి. రేవులో నాలుగింటికి ఉండాలంటే మూడింటికి బయల్దేరాలి, అంటే రాత్రి ఎనిమిదింటికే పడుకోవాలి.

బట్టలు పొరలుగా వేసుకోండి. జూన్‌లో ఎడిసన్‌లో ఉక్కపోస్తున్నా, తెల్లవారుజామున ఆ నీటి మీద గాలి కోసేస్తుంది. డెక్ మీద మరకలు పడనివ్వని తెల్ల అడుగుల బూట్లు, వాన జాకెట్టు, టోపీ, పోలరైజ్డ్ కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్ తప్పనిసరి. రాడ్లూ రీళ్ళూ ఎరలూ అన్నీ బోటు వాళ్ళవే, మీరేం కొననక్కర్లేదు. రెండు కూలర్లు తీసుకెళ్ళండి. నీళ్ళకూ తిండికీ చిన్నది బోటులోకి. పెద్దది, నిండా ఐసు పోసి, కారులోనే ఉంచాలి. బోటులో పెద్ద కూలరుకు చోటుండదు.

ఇంకొక్కటి, అరటిపళ్ళు తీసుకెళ్ళకండి. అమెరికా వేట పడవల్లో అరటిపండు అపశకునం. చాలా మంది కెప్టెన్లు గట్టిగానే పట్టించుకుంటారు. మన ఇళ్ళల్లో ప్రయాణమంటే మొదట సంచీలో పడేదే అది. బోటెక్కే ముందు సంచీ ఒకసారి చూసుకోండి. పడవను గంగమ్మగా మొక్కి కొబ్బరికాయ కొట్టి కదిలే ఊళ్ళ నుంచి వచ్చిన మనకు, ఇంకొకరి పడవ ఆచారాన్ని గౌరవించడం కష్టమేమీ కాదు.

సముద్రంలోకి వెళ్ళాక

బోటు ఇన్‌లెట్ దాటుతున్నప్పుడు వెనక భాగంలో, మధ్యలో ఉండండి. అక్కడ ఊపు తక్కువ. దిగంతాన్ని చూడండి, ఫోన్ చూడకండి, క్యాబిన్‌లోకి పోయి పడుకోకండి. డీజిలు పొగ తగిలితే పక్కకు జరగండి. ఎవరు ఏ వరసలో రాడ్ పట్టాలో ఇప్పుడే చీట్లు వేసుకోండి. చేప తగిలాక ఆ మాట తేల్చుకునే వ్యవధి ఉండదు.

వెళ్తూ ఉండగా కళ్ళు నీటి మీద పెట్టండి. షియర్‌వాటర్ పక్షులు నీటిని రాసుకుంటూ తిరుగుతున్నా, తిమింగలం ఊపిరి వదిలినా, చిన్న చేపలు వానచినుకుల్లా పైకి ఎగిరినా వెంటనే కెప్టెన్‌కు చెప్పండి. ఒక జత కళ్ళ కంటే ఏడు జతలు మేలు. ఇక్కడ సాండ్ ఈల్ అనే సన్నటి పొడవాటి చిన్న చేపా, బంకర్ అనే మన కవళ్ళ చుట్టం లాంటి చేపా ఎక్కడుంటే సూర అక్కడుంటుంది.

వేట మూడు రకాలుగా సాగుతుంది.

ట్రోలింగ్‌లో బోటు అయిదారు నాట్ల వేగంతో పోతూ వెనక నుంచి ఎరల గుంపులను లాగుతుంది. రబ్బరు స్క్విడ్‌లు కట్టిన స్ప్రెడర్ బార్లు నీటి మీద చిన్న చేపల గుంపులా కనిపిస్తాయి. ఇందులో ప్రయాణికుల పని ఎదురుచూడటం. ఒక రాడ్ వంగిందంటే వెంటనే బోటు ఆగదు, కెప్టెన్ కొన్ని క్షణాలు అలాగే పోనిస్తాడు. గుంపులో రెండోది, మూడోది కూడా తగలాలని. "ఆపండి, ఆపండి" అని అరవకండి. వరసలో ఉన్నవాడు రాడ్ అందుకోవాలి, తక్కినవాళ్ళు మేట్ చెప్పినప్పుడు మిగతా లైన్లు చుట్టేయాలి.

జిగ్గింగ్ ఒళ్ళు వంచి చేసే పని. సాండ్ ఈల్ ఆకారంలో ఉండే నూట యాభై, రెండు వందల గ్రాముల లోహపు ఎరను కెప్టెన్ చెప్పిన లోతుకు వదిలి, రాడ్ ఎగరేస్తూ రీలు చుట్టుకుంటూ పైకి తేవాలి. చాలాసార్లు చేప కిందికి దిగుతున్న ఎరనే పట్టుకుంటుంది. లైను మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయినా వదులైనా, నేల తగిలిందనుకోకండి. రీలు బిగించి గబగబా చుట్టండి.

నాకు ఎక్కువ ఇష్టమైంది మూడోది, చంకింగ్. మనవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే ఇందులో యంత్రం కంటే ఓపిక ఎక్కువ. బోటు లంగరు వేసో, కొట్టుకుపోతూనో ఉంటుంది. బటర్‌ఫిష్‌ను ముక్కలుగా కోసి మూడు నాలుగు ముక్కలు నీళ్ళలో వేస్తారు. అవి కళ్ళకు కనిపించకుండా పోయే ముందు ఇంకో మూడు నాలుగు. ఎక్కువ వేస్తే సూర కడుపు నింపుకుని పోతుంది, తక్కువైతే వరస తెగిపోతుంది. ఆ ముక్కల వరసలోనే మీ గాలం ముక్క కూడా, బరువు లేకుండా, వాటితో సమానంగా దిగాలి. చేత్తో లైను కొద్దికొద్దిగా వదులుతూనే ఉండాలి. లైను ఒక్క క్షణం బిగిసినా మీ ముక్క ఆగుతుంది, మిగతావి దిగిపోతాయి. సూర కన్ను చాలా చురుకు, ఆ తేడా పసిగట్టేస్తుంది. పెదజాలారిపేటలో ఒక పెద్దాయన తాడును రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చోవడం చూసి నిద్రపోతున్నాడనుకునేవాణ్ణి. ఆయన తాడు మాట వింటున్నాడని ఇక్కడికొచ్చి చంకింగ్ చేశాకే అర్థమైంది.

చంకింగ్‌కు వాడేది సర్కిల్ హుక్, మొన లోపలికి వంగిన గాలం. చేప అందుకుందని రాడ్‌ను గుంజకండి. గుంజితే గాలం నోట్లోంచి జారి వచ్చేస్తుంది. లైను వేగంగా పోతుంటే రీలు నెమ్మదిగా బిగించండి, చేప తిరిగి పోయేటప్పుడు గాలం దాని దవడ మూలన తనంతట తానే దిగుతుంది.

చేప తగిలాక

మొదటి పరుగులో చేయాల్సింది ఏమీ లేదు. రాడ్‌ను గట్టిగా పట్టుకుని, చేపను పోనివ్వండి. రెండు మూడు వందల గజాల లైను పోవచ్చు. ఆ సమయంలో రీలు తిప్పడం వృథా, లైనును చేత్తో ఆపాలని చూడటం ప్రమాదం. వేళ్ళు తెగుతాయి. చేప లాగితే రీలు ఎంత బిగువుగా లైను వదలాలో తేల్చేది డ్రాగ్. దాని బిగింపును మేట్ ముందే లెక్క ప్రకారం పెట్టి ఉంటాడు, మామూలుగా లైను తట్టుకోగల బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా. దాన్ని ముట్టుకోకండి. తెగిపోయిన చేపల్లో సగానికి సగం, కంగారులో డ్రాగ్ బిగించడం వల్ల పోయినవే నేను చూశాను.

చేప ఆగాక మీ వంతు. నడుము బెల్టులో రాడ్ మొదలు ఆనించి, మోకాళ్ళు కాస్త వంచి, రాడ్‌ను కాళ్ళ బలంతో పైకి లేపండి. దించుతూ రీలు చుట్టండి. లేపడం, దించుతూ చుట్టడం, అంతే. దించేటప్పుడు లైను వదులు కాకూడదు. రాడ్‌ను నిట్టనిలువుగా ఎత్తితే కొస విరుగుతుంది. చేప బోటు చుట్టూ తిరిగితే మీరూ దానితో పాటు నడవండి, అడ్డొచ్చినవాళ్ళు లైను కిందుగా వంగి తప్పుకోవాలి. అలసిపోతే చెప్పండి, రాడ్ మార్చుకోవడంలో చిన్నతనం లేదు. యాభై పౌన్ల చేపకు ఇరవై ముప్పై నిమిషాలు, వంద దాటితే గంట పట్టవచ్చు.

చివర్లో సూర బోటు కింద గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. ఎక్కువ చేపలు జారిపోయేది ఇక్కడే. అది మీ వైపు వస్తున్న అరచుట్టులో గబగబా చుట్టండి, దూరం పోతున్న అరచుట్టులో పట్టుకుని ఊరుకోండి. ఒక్కో చుట్టుకూ కాస్త కాస్త పైకి వస్తుంది. లీడర్, అంటే గాలానికి ముందుండే గట్టి లైను ముక్క, అందాక పని మేట్‌ది. లీడర్‌ను మీరు చేతికి చుట్టుకోకండి. ఆయన కొక్కెం వేస్తుంటే వెనక్కి జరిగి చోటివ్వండి.

కొలత తక్కువైన చేపనో, పరిమితి దాటిందాన్నో వదిలేయాలంటే డెక్ మీదికి తేవద్దు. సూర ఈదుతూ ఉంటేనే మొప్పల్లోకి నీరు పోతుంది, ఆగితే ఊపిరాడదు. తలను ముందుకు పెట్టి పట్టుకుని, బోటు నెమ్మదిగా కదులుతుండగా అది తోక ఆడించేదాకా ఉంచి వదలాలి.

డెక్ మీద మొదటి పది నిమిషాలు

మామూలు చేపల్లా సూర ఒంటి వేడి నీటి వేడితో సమానంగా ఉండదు. దాని కండల్లో రక్తనాళాల అల్లిక ఒకటి ఉంది, కండలు పుట్టించిన వేడిని బయటికి పోనివ్వకుండా మళ్ళీ ఒంటికే అందిస్తుంది. చల్లటి నీళ్ళలో అంత వేగంగా ఈదగలిగేది అందుకే. గంటసేపు పెనుగులాడిన సూర లోపల బాగా వేడెక్కి ఉంటుంది. ఆ వేడి అలాగే ఉంటే మాంసం పాలిపోయి, పిండిపిండిగా, పుల్లగా అయిపోతుంది. అంత కష్టపడి పట్టి, చివరికి రుచిలేని చేప తినడం నాకు చాలా బాధ. చేపకూ అది అన్యాయమే.

రుచి పోవడమే కాదు, ఆరోగ్యమూ చెడుతుంది. సూర మాంసంలో హిస్టిడిన్ ఎక్కువ. చల్లగా ఉంచకపోతే సూక్ష్మజీవులు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు, గుండెదడ వస్తాయి. ఒకసారి తయారైన హిస్టమిన్ ఉడికించినా, వేయించినా, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. "బాగా మసాలా పెట్టి వేపేస్తే సరి" అనే మాట ఇక్కడ చెల్లదు.

కాబట్టి వరస ఇది. తలకు ఒక్క దెబ్బతో చేపను వెంటనే చంపాలి, కొట్టుకోనివ్వకూడదు. పక్క రెక్క వెనక, వేలి పొడవు దూరంలో, అంగుళం లోతుగా రెండు వైపులా కోయాలి. అక్కడే పెద్ద రక్తనాళం ఉంది. మొప్పల దగ్గర కూడా కోసి, చేపను తలకిందుగానో, నీటి గొట్టం పెట్టో రక్తం పూర్తిగా పోనివ్వాలి. తర్వాత మొప్పలూ పేగులూ తీసేసి, పొట్టలో ఐసు కూరి, ఐసూ సముద్రపు నీరూ కలిపిన గుజ్జులో ముంచాలి. ఉత్త ఐసు ముక్కల మధ్య గాలి సందులుంటాయి, ఐసు నీరు చేపను అన్ని వైపులా అంటుకుని తొందరగా చల్లారుస్తుంది. ఇదంతా మేట్ చేస్తాడు. కానీ ఇంకో చేప తగిలిన హడావుడిలో ఇది వెనకబడుతుంటే, "ముందు దీని రక్తం తీద్దాం" అని మర్యాదగా గుర్తుచేయండి. చేయూత ఇవ్వండి. ఫొటో ఒక్కటి చాలు, అదీ నిమిషంలో.

చిన్న సూర మాట కూడా ఇక్కడే చెప్పాలి. వీపు మీద అలల గీతలూ, పక్క రెక్క కింద నాలుగైదు నల్ల చుక్కలూ ఉండే ఈ చేపను ఇక్కడివాళ్ళు ఫాల్స్ ఆల్బకోర్ అంటారు. మాంసం ఎర్రగా, ఘాటుగా ఉంటుందని చాలామంది వదిలేస్తారు, ఎరగా వాడతారు. విశాఖలో మనం ఇష్టంగా కొనుక్కునే సూరకు ఇది అదే జాతి చుట్టం. పట్టిన వెంటనే రక్తం తీసి ఐసులో పెడితే పులుసుకు అద్భుతంగా ఉంటుంది. పక్క బోటు వాళ్ళు వద్దనుకున్నా మీరు వదలకండి.

ఇంటికొచ్చాక

రేవులో మేట్ చేపను నాలుగు పొడవాటి పలకలుగా కోసిస్తాడు. పొట్ట మాంసం విడిగా అడిగి తీసుకోండి, అదే అన్నిటికంటే కమ్మని భాగం. కారులోని కూలర్లో ముక్కలను కవర్లలో కట్టి ఐసులో పెట్టండి. మంచినీళ్ళ ఐసు కరిగి మాంసానికి నేరుగా తగిలితే రంగూ రుచీ పోతాయి.

ఇంట్లో ముందుగా మధ్యలో ఉండే నల్లటి రక్తపు పట్టీ కోసి తీసేయండి. నీచు వాసనంతా దానిదే. మిగిలినదాన్ని కాగితపు తువాలుతో తడి తుడిచి, ఫ్రిజ్‌లో అన్నిటికంటే చల్లటి అరలో పెడితే రెండు మూడు రోజులు బాగుంటుంది.

పులుసు పెట్టేటప్పుడు ఒక్కటే జాగ్రత్త. సూర ముక్క వంజరంలా ఎక్కువసేపు ఉడకడానికి ఒప్పుకోదు, గట్టిపడి పీచులా అవుతుంది. ఉల్లిపాయా, చింతపండూ, కారమూ అన్నీ వేసి పులుసు ముందే చిక్కగా మరిగించుకోండి. పచ్చిమామిడి ముక్క వేసేదైతే అదీ ముందే ఉడకాలి. తర్వాత రెండంగుళాల ముక్కలు జార్చి, గరిటె పెట్టకుండా దాక పట్టుకుని తిప్పుతూ, ఆరేడు నిమిషాల్లో దించేయాలి. మిగతాది ఆ వేడికే ఉడుకుతుంది. వేపుడుకైతే పెనం బాగా కాలాక ఒక్కో వైపు రెండు నిమిషాలు.

పెద్ద చేప కొద్దీ పాదరసం ఎక్కువ. గర్భిణులకూ చిన్నపిల్లలకూ భారీ బ్లూఫిన్ మాంసం పెట్టకండి.

మిగిలినదాన్ని వ్యాక్యూమ్ కవర్లలో, ఒక పూటకు సరిపడా చొప్పున, ఫ్రీజర్‌లో పెట్టండి. ఇంటి ఫ్రీజర్‌లో రెండు మూడు నెలల లోపు వాడేయడం మంచిది. కరిగించేటప్పుడు బయట పెట్టకుండా ఫ్రిజ్‌లోనే కరిగించండి. అప్పుడు కవరుకు ముందే కోత పెట్టాలి, గాలి ఆడని కవరులో చేప కరగడం ప్రమాదం. కవరు మీద తేదీతో పాటు ఏ సూరో కూడా రాయండి. పులుసుకు పెట్టుకున్న చిన్న సూరా, వేపుడుకు పెట్టుకున్న రెక్క సూరా గడ్డకట్టాక ఒకేలా కనిపిస్తాయి.